జీతం అందినట్టు సంతకం

“ఇక్కడో సంతకం గీకు,” అంటూ మా ఆయన కాగితాల కట్ట నా ముందు పడేశాడు. ఉద్యోగం మానేసి సొంతంగా ఫ్రిజ్ రిపేరు షాపు పెట్టాక కట్టబోయే మొదటి పన్ను.

చూస్తే పన్నెండు వోచర్లు, నెలనెలా నేను జీతం పుచ్చుకున్నట్టు!

“ఇదెప్పుడిచ్చారు?”

“ఇవ్వడమేంటే పిచ్చిదానా! కాగితం మీద ఖర్చు చూపిస్తే పన్ను తగ్గుతుంది.”

ఏడాదిగా ఫోన్లెత్తింది, బిల్లులు రాసింది, గ్యాసు సిలిండర్లు మోసింది నేనే.

“మీ పాత ఓనరు మొత్తం జీతానికి సంతకం పెట్టించుకుని సగమే చేతిలో పెట్టేవాడు. ఆ వోచరు వాడి మొహాన కొట్టి వచ్చానని ఊరంతా చెప్పుకున్నారుగా?”

ఆయన మొహం మాడిపోయింది. “వాడూ నేనూ ఒకటేనా?”

“ఛీ, ఒకటెలా అవుతారు? వాడు సగమన్నా ఇచ్చాడు.”