తుపాకీకి తోడు

తుపాకీ మా హక్కని సగం అమెరికా, అదుపు చెయ్యాలని మిగతా సగం తరాల తరబడి పోట్లాడుకుని, చివరికి ఒక బేరానికి వచ్చాయి. తుపాకీ ఎవరైనా కొనుక్కోవచ్చు. కానీ తోడుగా రాయించుకున్న మనిషి తన ఫోన్ మీద వేలు పెట్టి సరేనంటేనే అది పేలుతుంది. తోడును ఏడాదికొకసారే మార్చుకోవచ్చు.

టెక్సాస్‌లో పశువుల దాణా కొట్టు నడిపే కోటిలింగం ఆ ఉదయం తలుపు తీసేసరికి పాత ఖాతాదారు డేల్ నిలబడి ఉన్నాడు. అతనికి తోడుగా ఉన్న భార్య పోయి నెలయింది. అప్పట్నుంచీ తుపాకీ మూగబోయింది.

"కోటీ, నాకు తోడుగా ఉండు. నక్కలు దూడల మీద పడుతున్నాయి."

దూడలున్నవాడు దాణా కొనాలి. డేల్ మూడు వారాలుగా ఒక్క బస్తా కొనలేదు. ప్రాణంలా చూసుకునే కుక్కను కూడా ఎవరికో ఇచ్చేశాడు. మరి దూడలే లేనిచోటికి నక్కలెందుకొస్తాయి?

"బోణీ మనిషిని కాదనకూడదని ఒప్పుకునేరు! అతని వాలకం బాగోలేదు" అని కోటిలింగం భార్య రాజ్యం లోపల్నుంచి తెలుగులో హెచ్చరించింది.

"కాదంటే ఇంకొకణ్ణి పట్టుకుంటాడే. వాడు మొహమైనా చూడకుండా వేలు పెట్టేస్తాడు."

కోటిలింగం తోడుగా పేరు రాయించుకున్నాడు.

"అడిగిన వెంటనే సరేనంటావుగా?" అన్నాడు డేల్.

"సరుకు చూడకుండా నేనెప్పుడైనా బేరం తెంచానా? అడిగినప్పుడల్లా మీ ఇంటికొస్తాను. నక్కను కళ్లారా చూశాకే వేలు."

"నక్క కనిపించకపోతే?"

"కాఫీ తాగి వస్తాను."

"ఇంట్లో కాఫీ పొడి లేదు" అన్నాడు డేల్.

"రాజ్యం, మన డబ్బాలోది కాస్త పొట్లం కట్టు" అని కోటిలింగం కేకేశాడు. "ఇవాళ్టికి ఇదే బోణీ."