తుప్పు పట్టని బోల్టులు

"ఇదీ తుప్పు పడుద్ది శెట్టిగారూ, తీసెయ్యండి," అంటూ రాజారత్నం ఆ బోల్టును కూడా పక్కకు నెట్టాడు.

మాచర్లలో ఇనపసామాన్ల కొట్టు తెరిచిన నాటినుంచి చెన్నకేశవులు ఇలాంటి బేరం చూడలేదు. రెంటచింతల నుంచి మండుటెండలో బస్సెక్కి వచ్చిన ముసలాయన దేనికీ ఒప్పుకోడే!

"పూత పూసింది గదా పెద్దాయనా! దేంట్లో వాడతావేంది?"

"పెట్టెకి. అది దిగేచోట ఊటంతా ఉప్పునీళ్ళు. మా మణెమ్మ పెట్టెకు ఇనప మేకులు కొట్టించా, బుద్ధిలేక. మొన్న పక్కన తవ్వుతుంటే బయటపడ్డయి. తుప్పుపట్టి ముద్దైపోయినయి. ఆ మూత ఇంక లోపల్నుంచి ఎంత నెట్టినా..." రాజారత్నం మాట ఆపి ఇంకో బోల్టు చేతిలోకి తీసుకున్నాడు.

తవ్వడమా! చెన్నకేశవులుకు విషయం అర్థమైపోయింది. ముసలాయన పెళ్ళాం నగలు పాతిపెట్టాడన్నమాట. వెంటనే గొంతు తగ్గించాడు.

సాగర్ డ్యాము పనికని తెప్పించి, ఎవరూ కొనక అటకెక్కించిన స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు దించాడు. అయస్కాంతం పెట్టి చూపించాడు. అంటలేదు.

"ఉప్పునీళ్ళకు ఓర్చేది ఇదే. నట్టూ వాషరూ కూడా ఈ స్టీలువే వెయ్యి. ఇనప నట్టు కలిపావో, ముందు అదే తినేసుకుపోద్ది."

"ఎన్నాళ్ళుంటయి?"

"నీ తరం, నీ కొడుకు తరం."

"చాలదు."

"ఎప్పుడు తీస్తావయ్యా ఆ పెట్టె?"

"ఎవరికి తెలుసు? రేపే కావచ్చు, మనవలు పోయినాకైనా కావచ్చు. చేత్తో తిప్పే చెవుల నట్లున్నయ్యా? ఆడ పానా ఎవరిస్తారు?"

చెన్నకేశవులు అవీ వెతికి ఇచ్చాడు. చచ్చిందాకా నగలకు కాపలా కాసే మనిషి! ఎంత జాగ్రత్తరా దేవుడా అనుకున్నాడు.

"మరి మణెమ్మ పెట్టె?"

"ముందిది తెరుచుకుంటే, దాని సంగతి నేను చూసుకుంటా. నట్లు మటుకు లోపలి వైపే రావాల."

చెన్నకేశవులు నవ్వాపుకోలేకపోయాడు. "ఓరి నీ తెలివి తెల్లారా! లోపలుంటే దొంగే కాదు, బయటున్న నువ్వు కూడా తియ్యలేవు గదా!"

రాజారత్నం బోల్టులు తువ్వాలులో మూటగట్టుకుంటూ చెప్పాడు.

"ప్రభువు పోయినోళ్ళను లేపే తీర్పునాడు ఆ పెట్టెలోంచి లేవాల్సింది నేనే గదా, శెట్టిగారూ."