హోలిస్ చూసిన ఆట

"ఎవర్రా పరిగెత్తేది? మన జట్టువాళ్ళు నింపాదిగా, ఆదివారం చర్చికి పోతున్నట్టు నడుస్తున్నారు," అన్నాడు హోలిస్, మడత కుర్చీలో వెనక్కి వాలి.

డెల్మర్ చేతిలోని మాంసం ముక్క నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. అతను హోలిస్ చిన్నాన్న కొడుకు. ఉండేది దూరాన మొబీల్‌లో. బ్రాంట్లీ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారాల్లో మాత్రం పొద్దున్నే బయల్దేరి వచ్చి ఆటకి ముందు వండుకు తినడానికి హోలిస్ వాళ్ళు వేసుకునే డేరా కింద వాలిపోతాడు. ఆ డేరాకి స్టేడియం పక్క గడ్డిమైదానంలో ఎప్పుడూ ఒకటే చోటు, పెకాన్ చెట్టు పక్కన. హోలిస్ కుర్చీ ఎటు తిరిగి ఉండాలో కూడా ఇన్నేళ్ళలో మారలేదు. అక్టోబరు ఎండ పల్చటి తేనెలా పరుచుకుంది. పొయ్యిల పొగ మనుషుల నడుముల దాకా లేచి అక్కడే తేలుతోంది. ఎక్కడో బ్యాండు వాళ్ళు బాకాలు సరిచూసుకుంటున్నారు. అంతా నిద్రలో చూస్తున్నట్టుంది.

కొత్త కోచ్ వచ్చిన దగ్గర్నుంచి ఊళ్ళో ఆట వేగం గురించే మాట. పాత కోచ్ రోజుల్లో ఒక్కసారి బంతి ఆడితే, తర్వాత పిల్లలంతా గుండ్రంగా చేరి గుసగుసలాడుకుని, తీరిగ్గా మళ్ళీ బారు తీరేవాళ్ళు. ఆ సందులో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు గుప్పెడు ఒలుచుకు తినొచ్చు, పక్కవాళ్ళ కోడలి సంగతీ అడగొచ్చు. ఈ కొత్తాయన గుసగుసలన్నీ మాన్పించేశాడు. కింద పడ్డవాడు లేచేలోపే మళ్ళీ బంతి ఆడేస్తున్నారు. కుర్రకారు అదే ఆటంటారు. పెద్దవాళ్ళు కళ్ళు తిరుగుతున్నాయంటారు. అసలు వేగమే లేదనేది మాత్రం హోలిస్ ఒక్కడే.

విచిత్రం ఏమిటంటే స్కోరు పొల్లుపోకుండా చెప్తాడు. ఏ పిల్లాడు బంతితో గీత దాటాడో కూడా చెప్తాడు. ఆట మాత్రం ఇంకేదో చెప్తాడు.

డెల్మర్ ఊరుకోలేక ఫోను తీసి పోయిన వారం ఆట పెట్టి చేతికిచ్చాడు. "అన్నా, ఇదిగో. నీ కళ్ళతో నువ్వే చూడు."

హోలిస్ టోపీ కిందికి లాక్కున్నాడు. ఎండకి పెట్టుకున్న నల్లద్దాలు తియ్యకుండానే, ఫోనులో అరుపులు ఆగేదాకా తల వంచుకుని కూర్చున్నాడు. "అదేగా నేను చెప్పేది. ఎంత వయ్యారంగా నడుస్తున్నాడో ఆ పిల్లాడు," అన్నాడు.

చుట్టూ నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపేశారు. హోలిస్ భార్య వర్నెల్ గబగబా వచ్చి పళ్ళెం ఒళ్ళో పెట్టింది. "ఎడమపక్క బీన్స్, కుడిపక్క మాంసం. కలిపేసి చొక్కా మీద పోసుకోకు," అని గదిమింది. పెళ్ళాం చేత తిట్లు తినడానికే పుట్టానని హోలిస్ అనడంతో నలుగురూ మళ్ళీ తేలికపడ్డారు.

డెల్మర్ తేలికపడలేదు. వర్నెల్‌ని ట్రక్కు వెనక్కి పిలిచాడు. ఇప్పుడు ఆ ట్రక్కు కూడా ఆవిడే నడుపుతోంది. అడిగితే హోలిస్‌కి మోకాళ్ళ నొప్పులట.

"వదినా, అన్న మతి జారుతోంది. మా మామగారికీ ఇలాగే మొదలైంది. జనంలో నవ్వులపాలు చెయ్యకు. తీసుకురావడం మానెయ్."

వర్నెల్‌కి ఒక్కటే తెలుసు. హోలిస్ వారమంతా మంచం పట్టినట్టే ఉంటాడు. శనివారం తెల్లారితే చాలు, పిలవకుండానే లేచి గడ్డం గీసుకుంటాడు. ఆ శనివారాలే లేకపోతే ఇక దేనికి లేస్తాడు?

"మతికేం కాలేదు డెల్మర్. ఆయనకి తీరికైన ఆటంటే ఇష్టం. అంతే."

"ఇష్టానికీ కళ్ళెదుట జరిగేదానికీ తేడా లేదా వదినా? ఈ పూట పక్కనే కూర్చుని చూస్తా. మళ్ళీ ఇదే మాటన్నాడంటే మీ అమ్మాయికి చెప్పి డాక్టరు దగ్గరికి పంపిస్తా."

వర్నెల్ వెనక్కి తిరిగి, డేరా కింద నవ్వుతున్న హోలిస్ దగ్గరికి వెళ్ళిపోయింది.

మెట్లెక్కేటప్పుడు హోలిస్ ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. వెనకాల ఎవరో కొత్త పెళ్ళికొడుకుని అనుకుంటున్నాడేమో అని ఎగతాళి చేశారు. సీట్లలో డెల్మర్ ఎప్పుడూ వెనక వరసలో ఉండేవాడు. ఈ ఆలుమగలకి ఆటంతసేపూ ఏం కబుర్లుంటాయో అని విసుక్కునేవాడు కూడా. ఇవాళ బతిమాలి హోలిస్‌కి అటు పక్కన కూర్చున్నాడు.

ఆట మొదలైంది. మైకులో మాటలు బ్యాండు మోతలో మునిగిపోయాయి. కింద పచ్చటి గడ్డి మీద పిల్లలు పడ్డారు, లేచారు, మళ్ళీ పడ్డారు. వర్నెల్ అలవాటుగా హోలిస్ చెవి దగ్గరికి వంగింది.

"చూశావా, ఆ పొడుగాటి పిల్లాడు బంతి చంకలో పెట్టుకున్నాడు. తొందరేం లేదు వాడికి. పక్కవాడు దారి ఇచ్చేదాకా ఆగాడు. ఇప్పుడు నడుస్తున్నాడు, సాయంత్రం ఇంటికొచ్చే ఆవులా…"

ఆవిడ ఆ ఒక్క నడక చెప్పేలోగా మైదానంలో మూడుసార్లు బంతి ఆడటం అయిపోయింది. హోలిస్ మొహం మెల్లగా విప్పారింది. డెల్మర్ వదినవంక చూశాడు. తర్వాత అన్నవంక చాలాసేపు చూశాడు.

జనం అరిచారు. వర్నెల్‌కి పొలమారింది. దగ్గు ఆగడం లేదు. హోలిస్ మొహం ఖాళీ అయిపోయి, అటూ ఇటూ తిరిగింది.

అప్పుడు డెల్మర్ రెండో చెవి దగ్గరికి వంగాడు.

"మనవాళ్ళు గుండ్రంగా చేరారు అన్నా. ఏదో చెప్పుకుంటున్నారు. తీరిగ్గా… ఇదిగో, ఇప్పుడు బారు తీరుతున్నారు."

"ఆ," అన్నాడు హోలిస్, సీట్లో సర్దుకుని. "నేను చెప్పలా?"

హోలిస్ చూపు పోయి అప్పటికి ఏడాది దాటింది.