ఆఖరి బంతి

మంచుకొండ మీది ఆ పోస్టులో ఇప్పుడు సామాన్లు మోసేవి కంచరగాడిదలు కావు, నాలుగు కాళ్ళ యంత్రాలు. వాటిలో ముందు నడిచేదానికి జవాన్లు సరదాగా నాయక్ అని పేరు పెట్టారు. కొన్నాళ్ళుగా ఎండ పొడ లేక ఛార్జింగు అంతంతమాత్రంగా ఉంది. మిగతా యంత్రాలన్నీ ప్లగ్గు చుట్టూ మూగాయి గానీ, నాయక్ మాత్రం మంచులోనే నిలబడిపోయింది. దాని లైటు అప్పటికే ఎర్రబడింది.

"ఇది పాడైపోనాది ఉస్తాద్. పిలిస్తే రాదు, లాగితే కదలదు," అన్నాడు జవాను గురునాయుడు. "ఇదాగిపోతే రేపు మనకి దారి చూపేదెవులు?"

హవల్దార్ పైడిరాజు కాసేపు దాన్నే చూశాడు. చివరి యంత్రం కడుపు నింపుకుని పక్కకి తప్పుకోగానే, నాయక్ మెల్లగా ప్లగ్గు దగ్గరికి నడిచింది.

"దీనికిది ఎవులు నేర్పార్రా?"

"ఎవులూ నేర్పలేదు. చూసి నేర్చుకునే రకం కదా. మా అందరికీ వడ్డించి మీరు ఆఖర్న తినడం రోజూ చూస్తంది."

పైడిరాజుకి తను కొత్తగా చేరినప్పటి ముసలి హవల్దార్ గుర్తొచ్చాడు. అందరికీ వేడి పప్పు పోసి, తను గిన్నె అడుగు గీక్కుని తినేవాడు. ఇలా ఉండాలని ఏనాడూ నోటితో చెప్పలేదు. ఆయనకో దణ్ణం పెట్టాలని అప్పుడు తోచనే లేదు.

పళ్ళెం తెచ్చుకుని యంత్రం పక్కన చతికిలబడ్డాడు. చల్లారిన మొదటి ముద్దని కళ్ళకద్దుకున్నాడు.

"కానీ నాయనా," అన్నాడు. "వడ్డించేవోళ్ళది ఎప్పుడూ ఆఖరి బంతే."