రంగుమందు తీర్పు

2023 జూన్ 12, సోమవారం. గద్వాల శివారులోని ఒక పత్తి విత్తనాల మిల్లు. హాజరైనవారు: యజమాని భాస్కర్, మేస్త్రీ బాలరాజు, గజ్జల్లో నొప్పి అంటూ బస్తాలు మోయడం మానేసిన హమాలీ దానియేలు.

ఒప్పందం సరళమైనది. కడుపులోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీయాలి. హెర్నియా ఉంటే మందు గజ్జల్లోకి జారి తెల్లగా కనబడుతుంది. అప్పుడు దానియేలుకు అదే జీతంతో గేటు దగ్గర కుర్చీ. కనబడకపోతే ఆ రోజే పని బంద్. వాపు పైకి తెలియడం లేదు కనుక శాస్త్రమే తీర్పు చెప్పాలని భాస్కర్ ఉదారంగా సెలవిచ్చాడు.

ఆ ఉదారతకు ఇబ్బంది ఒక్కటే: నొప్పి నిజమేనేమోనన్న భయం. అందుకే శాస్త్రానికి కాస్త సాయం చేయమని బాలరాజును వెంట పంపాడు. మిల్లులో అంత దిట్టమైన శరీరం మరొకటి లేదు.

ఎక్స్‌రే సెంటరులో దానియేలు గది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"కడుపుల సూది అంటే నా పానం పోతది మేస్త్రీ."

"గింత పిరికోనివేందిరా! పో, చాయ్ తాగిరా పో. నీ పేరు మీద నేను పండుకుంట."

"గట్ల నడుస్తదా?"

"పేరు నీదే గదా! కడుపు ఎవలిదైతే ఏంది?"

ఇంతటి తర్కం విన్నాక దానియేలు చాయ్‌కి వెళ్ళాడు. ముఖాలు పోల్చి చూసే దురలవాటు ఆ సెంటరుకు లేదు. టెక్నీషియన్ రజిత "దానియేలు!" అని పిలిచింది, బాలరాజు పలికాడు. డాక్టరు మందు ఎక్కించి, బోర్లా పడుకోబెట్టి, గట్టిగా దగ్గమన్నాడు. బాలరాజు స్వామిభక్తితో గది అదిరేలా దగ్గాడు.

సాయంత్రం భాస్కర్ రిపోర్టు రెండుసార్లు చదివాడు. కుడి గజ్జలో హెర్నియా. ఫిల్ము మీద వేలంత తెల్లని సంచి.

"ఇది నీదారా?" గొంతు తగ్గించి బాలరాజును అడిగాడు.

"గ్యాసు అనుకున్న సేటూ," అన్నాడు బాలరాజు.

ఆ కడుపు దానియేలుది కాదని అరవాలంటే తన మోసాన్నే చాటుకోవాలి. భాస్కర్ మర్యాదగా కుర్చీ కాగితం మీద సంతకం చేశాడు.

ఇంట్లో దానియేలు భార్య దేవమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచింది.

"కుర్చీ అయితే వచ్చె. మరి నీ నొప్పి సంగతేందయ్యా? జర దవాఖానల సూపించుకో."

"నాకేడి నొప్పే? బస్తా లేపినప్పుడల్లా మేస్త్రీ గజ్జ పట్టుకునుడు చూసే, ఎట్ల మూలగాల్నో నేర్చుకున్న."