ఒంటికీ కంటికీ పంచాయితీ

“పంచాయితీ అయ్యేదాక గోలి మింగనే మింగ” అని బాలయ్య తెగేసి చెప్పాడు. మందుల సంచీని గోడ మేకుకు తగిలించి, మంచం మీద మఠం వేసుకుని కూర్చున్నాడు.

ప్రమీలమ్మ నెత్తి కొట్టుకుంది. పంచాయితీలు ఆమె చూడనివి కావు. పొలం గెట్టు పంచాయితీ, బోరు పంచాయితీ, ఒకరి బర్రె ఇంకొకరి మక్కచేను మేసిన పంచాయితీ. ఒక మనిషి తన ఒంటికీ తన కంటికీ పంచాయితీ పెట్టమనడం మాత్రం లింగంపేట మండలం మొత్తానికి ఇదే మొదలు.

ఇదంతా కామారెడ్డి కంటి దవాఖానాలో డాక్టరమ్మ మంచికి చెప్పిన మాటతో వచ్చిన తంటా. మెహక్ అని, చిన్న వయసే, కంటి వెనక పొరకు వచ్చే రోగాల మీద పరిశోధన చేస్తోంది. రెండు నెలల కింద మక్కకర్ర పొడుచుకుని బాలయ్య ఎడమ కన్ను పోయింది. ఇప్పుడు ఏ దెబ్బా తగలని కుడి కన్ను ఎర్రబడి మసకేసింది. ఎందుకని అడిగితే ఆమె విడమర్చి చెప్పింది. మన రక్తంలో రోగాలతో కొట్లాడే జవాన్లుంటారట. కన్ను పుట్టిన్నాటి నుంచి వాళ్ళకు కనబడకుండా తలుపు చాటున బతుకుతుందట. ఎడమ కన్ను పగిలేసరికి ఆ జవాన్లు కన్నంటూ ఒకటుందని మొదటిసారి చూసి, ఇదెవడో పరాయివాడనుకుని మంచి కన్ను మీద కూడా పడ్డారట. గోలీలు మింగితే చల్లబడతారు. లేకుంటే ఉన్న ఒక్క కన్నూ పోతుంది. పరిశోధన కోసం కాస్త రక్తం తీసుకుని, పదిహేను రోజులకు మళ్ళీ రమ్మంది.

“బయటోడు కొట్టలే, ఇంటోడే కొట్టిండు. ఇంటి కొట్లాట నలుగుర్ల తేల్చుకోవాలె గని దవాఖానాల కాదు” అన్నాడు బాలయ్య.

దానికో షరతు కూడా పెట్టాడు. కంటి తరఫున తను మాట్లాడతాడట. ఒంటి తరఫున మాత్రం ఆ రక్తం పంచుకుని పుట్టినవాడే మాట్లాడాలట. అంటే అన్న సాయిలు. అక్కడే వచ్చింది చిక్కు. సాయిలు ఇల్లు రెండు సందుల అవతలే. కానీ బోరు దగ్గర మాటా మాటా పెరిగి, తొమ్మిదేళ్ళుగా ఒకరి గడప ఒకరు తొక్కలేదు. తమ్ముడి ఎడమ కన్ను పోయిందని తెలిసి కూడా సాయిలు తొంగి చూడలేదు.

ప్రమీలమ్మ బతిమాలింది, తిట్టింది, రెండు పూటలు అన్నం మానేసింది. బాలయ్య కదల్లేదు. సంచీ మేకుకు అట్లాగే వేలాడుతోంది. రోజుకింత మసకేస్తోందేమోనని ఆమెకు ఒకటే బెంగ. పదో రోజు సిగ్గు విడిచి సాయిలు వాకిట్లోకి పోయి నిలబడి, ఉన్న సంగతంతా చెప్పి ఏడ్చింది.

వాడికి కన్నుతో పాటు మతి కూడా పోయిందా అన్నాడు సాయిలు. అని, కాసేపు గడ్డం గోక్కున్నాడు.

“పెద్దమనిషెవలు?”

“జహూర్ సాబు, బావా.”

“ఎదుటి దిక్కు ఎవలు మాట్లాడుతరు?”

“మీ తమ్ముడే.”

సాయిలు లోపలికి పోయి కండువా వెతుక్కున్నాడు.

మర్నాటి పొద్దున బాలయ్య వాకిట్లో సందు సందంతా దిగింది. కిరాణా కొట్టు జహూర్ ఊరి కాగితాలన్నీ రాసే మనిషి. కలం, కాగితం పట్టుకుని కుర్చీలో కూర్చుని, ముందు కంటి దిక్కు చెప్పమన్నాడు.

“కన్ను యాభై ఎనిమిదేండ్ల సంది ఈ ఒంటికి చాకిరి చేసింది. తొవ్వ చూపింది, పామును చూపింది. గసుంటి దాన్ని సొంతోళ్ళే కొడుతరా?” అన్నాడు బాలయ్య.

“ఒక్కనాడన్న నేను మీదాన్నే అని చెప్పుకున్నదా? తలుపేసుకుని కూసుంటే జవాన్లకు ఎట్ల ఎరుక?” అన్నాడు సాయిలు.

“తలుపు కొడితే తీస్తుండె.”

“ముందుగాల చిన్నోడు కొట్టాలె తలుపు, పెద్దోడు కాదు.”

జహూర్ రాస్తున్న కలం ఆపి, కంట్లో చిన్నోడెవడు అని అడిగాడు. సాయిలు కండువా దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

చివరికి జహూర్ తీర్పు చెప్పాడు. కన్ను ఇంటిదే, పరాయిది కాదు. ఆరు నెలలు జవాన్లు దాని జోలికి పోవద్దు. అందుకు జామీను గోలీలు. ఒంటి తరఫున సాయిలు, కంటి తరఫున బాలయ్య సంతకాలు పెట్టారు. సాయిలు తనే లేచి మేకుకున్న సంచీ దింపి, తమ్ముడి నోట్లో గోలి వేసి నీళ్ళు తాగించాడు. ఆ పూట అక్కడే అన్నం తిన్నాడు. మర్నాడు పిలవకుండానే వచ్చాడు.

పదిహేనో రోజు కామారెడ్డిలో మెహక్ బాలయ్య కంట్లోకి దీపం వేసి చూసింది. మళ్ళీ చూసింది. పొర మీది వాపు చాలా మటుకు తగ్గిందని సంబరపడి, పరిశోధన ఫారం తీసింది. గోలీలు ఏ రోజు మొదలుపెట్టారని అడిగింది.

ప్రమీలమ్మ తల వంచుకుని, నాలుగు రోజులే అయిందని చెప్పింది.

మెహక్ కలం కింద పెట్టింది. “నాలుగు రోజులల్ల ఇంత తగ్గదమ్మా. నిజం చెప్పుండ్రి. నేను తప్పు రాస్తే రేపు ఇంకొకరి కన్నుకు ముప్పు.”

బాలయ్య జేబులోంచి ఖాళీ గోలీల అట్టలు తీసి బల్ల మీద పెట్టాడు. “మొదటి దినమే అని రాసుకో బిడ్డా. నీ చీటి చూపించి ఎల్లారెడ్డి మందుల దుకాణంల ఇంకో జత గోలీలు తెచ్చుకున్న. ఒక్క పూట గూడ తప్పలే.”

ప్రమీలమ్మ డాక్టరమ్మ ముందరని కూడా చూడకుండా మొగుణ్ణి కడిగేసింది. ఇన్ని రోజులు తనను అన్నం నీళ్ళు లేకుండా ఏడిపించి, ఊరందరినీ వాకిట్లో కూర్చోబెట్టిన ఆ పంచాయితీ మరి ఎందుకని నిలదీసింది.

బాలయ్య ఉన్న ఒక్క కన్ను తుడుచుకున్నాడు.

“కన్ను పోయిందంటే రాలె మా అన్న. పంచాయితంటే రాకుంట ఉంటడా?”