ఏడు నీళ్ళ గింజలు

“పచ్చి గింజలు ఇయ్యను తల్లీ. ఉడకేసినవే తీస్కో.”

వడమాలపేట సంతలో గింజలమ్మే అవ్వ పచ్చి గింజల మూటను ముడివేసి పక్కన పెట్టేసింది.

ప్రసన్నకుమారికి ఒళ్ళు మండింది. బళ్ళో సైన్సు చెప్పే మనిషి ఆమె. వెంట వచ్చిన ఎనిమిదేళ్ళ కూతురు కోమలికి ఆ గింజలంటే ప్రాణం. కొండ మీద ఊదారంగు పూలు పూసే దూలగొండి తీగవి. కాయ తగిలిందా, ఒళ్ళంతా గోక్కోవలసిందే. లోపలి గింజ మాత్రం కమ్మగా ఉంటుంది.

“ఎందుకియ్యవు? నాకు ఉడకేసేది రాదా?”

“ఏడు తూర్లు ఉడకేసి, ఏడు తూర్లు నీళ్ళు పారబోయల్ల. ఒక తూరి తగ్గినా ఇసమే. పానం తీస్తాది.”

“కుక్కర్లో నాలుగు విజిల్స్ వస్తే ఏ విషమైనా పోతాది. మేం నేర్చుకుంటే నీ బేరం పోతాదని కదా నీ బాధ?”

అవ్వ ఉడికిన గింజలు దోసెడు ఆకులో పెట్టి, ఊరికే కోమలి చేతికిచ్చింది.

ప్రసన్నకుమారి పట్టిన పట్టు వదిలే రకం కాదు. ఆదివారం, కొండకు కట్టెలకు పోయేవాళ్ళతో దూలగొండి కాయలు తెప్పించింది. గింజలు వలిచి కుక్కర్లో పెట్టింది. ఒక్కసారి నీళ్ళు పారబోసి, తిరగమోత వేసి కూతురికి పెట్టింది.

సాయంత్రానికి కోమలి వాంతులతో వాలిపోయింది. తల్లినే గుర్తుపట్టలేదు.

తిరుపతి ఆసుపత్రిలో రెండు రోజులు ప్రసన్నకుమారి మొక్కని దేవుడు లేడు. మూడోనాడు బిడ్డ కళ్ళు తెరిచి “మా” అంది.

మళ్ళీ సంత రోజు వచ్చింది. అవ్వ కాళ్ళు పట్టుకోవాలని ప్రసన్నకుమారి పరుగున వెళ్ళింది.

అవ్వ కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

“ఆయమ్మ ఇంక రాదుమ్మా. మొన్న మంగళారం కాలం చేసింది,” అంది పక్కన పూలమ్మే కుప్పమ్మ. “జరంతో పడుండి కూడా పొయ్యి కాడికి ఎవురినీ రానియ్యలా. గింజలకు ఏడు నీళ్ళూ తానే మార్చింది.”

ప్రసన్నకుమారికి ఏడుపు ఆగలేదు.

“నా బిడ్డ కోసం అంత చెప్పింది కుప్పమ్మా! బేరం కోసమని నోటికొచ్చినట్టు అన్నాను.”

కుప్పమ్మ దండ కట్టడం ఆపింది.

“కరువు కాలంలో, ఆకలికి బిడ్డ ఏడుస్తా ఉంటే తాళలేక, మూడో నీళ్ళకే తీసి పెట్టి, ఆ బిడ్డను పోగొట్టుకున్న తల్లమ్మా ఆమె.”